రిబదెసెయాలో మూడు రాత్రులు

స్పెయిన్ ఉత్తర తీరంలో, అస్తూరియాస్ ప్రాంతంలో సెయా నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న ఊరు రిబదెసెయా. అమ్మా నేనూ జూన్‌లో వెళ్లాం. అస్తూరియాస్ రాజధాని ఒవియెడో నుంచి మీటర్‌గేజ్ రైల్లో దాదాపు రెండు గంటలు. దారి పొడవునా ఆపిల్ తోటలు, రాతి కాళ్ల మీద నిలబెట్టిన చెక్క గాదెలు. రైళ్లు తక్కువ, టైమ్ ముందే చూసుకోండి. స్టేషన్ ఊరికి కాస్త ఎగువన ఉంది కాబట్టి తిరుగు ప్రయాణంలో పెట్టెలతో ఎక్కాల్సి ఉంటుంది.

నదికి ఒక పక్క పాత రేవు, వంతెన దాటితే శాంతా మరీనా బీచ్. అమెరికా ఖండానికి వెళ్లి సంపాదించుకుని వచ్చినవాళ్లు కట్టుకున్న మేడలు ఆ బీచ్ వెంట కనిపిస్తాయి. మొదటి రాత్రి అటే గది తీసుకున్నాం. తాళం ఇవ్వాల్సిన మనిషి గంట ఆలస్యంగా వచ్చాడు, అప్పటిదాకా చినుకుల్లో గుమ్మం ముందు నిలబడ్డాం. గదిలో చెమ్మ వాసన. మర్నాడే పాత రేవు వైపున్న చిన్న లాడ్జికి మారాం. అక్కడి పెద్దావిడ మా తడి బూట్లు చూసి, ఏమీ అడక్కుండానే వాటిలో పాత పేపర్లు కుక్కి హీటర్ పక్కన పెట్టింది. సముద్రం కిటికీలోంచి కనపడకపోయినా నేనైతే ఇటే ఉండమంటాను. తిండి, బస్సు, గుహ అన్నీ నడిచే దూరమే.

ఈ ఊరికి రావాల్సింది ఆదిమానవులు గోడల మీద బొమ్మలు గీసిన ఆ గుహ కోసమే. పేరు తీతో బుస్తియో. 1968లో కొందరు కుర్రాళ్లు కనిపెట్టారు. వాళ్లలో ఒకడైన సెలెస్తీనో ఫెర్నాందెస్ బుస్తియో కొద్దిరోజులకే కొండల్లో ప్రమాదంలో పోయాడు, అతని ముద్దుపేరు తీతో, ఆ పేరే గుహకు పెట్టారు. రోజుకి కొద్దిమందినే పంపిస్తారు, శీతాకాలంలో మూసేస్తారు. మేము నెల ముందే టికెట్లు తీసుకున్నాం. ఫొటోలు తీయనివ్వరు. నేల తడిగా ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. మాకు గైడ్ చెప్పిందంతా స్పానిష్‌లోనే, అందుకే పక్కనున్న మ్యూజియం ముందు చూడటం మంచిదైంది.

చీకట్లో చాలాసేపు నడిచాక గైడ్ టార్చి గోడ మీదికి తిప్పింది. ఊదా రంగు ఒళ్లు, చుట్టూ నల్లటి గీత, గుర్రం! పది వేల ఏళ్లకు పైబడిన బొమ్మ. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "జూలు చూడవే, ఇప్పుడే దువ్వినట్టుంది" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తిండి సంగతి. రాత్రి భోజనం తొమ్మిదికి గానీ ఊపందుకోదు. ఫబాదా అనే తెల్ల చిక్కుడు గింజల కూరలో పంది మాంసం ఉంటుంది. శాకాహారులు మాంసం వద్దని చెప్తే సరిపోదు, చేపా వద్దని విడిగా చెప్పాలి. అమ్మకి బంగాళాదుంప ఆమ్లెట్టు, పైన పంచదార మాడ్చిన పాల అన్నం దొరికాయి. ఆ పాల అన్నం అచ్చం పరమాన్నమే, రెండు రోజులూ అదే తింది. ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం, సైడర్‌ని వెయిటర్ చెయ్యి తలపైకెత్తి, కింద పట్టుకున్న గ్లాసులోకి సన్నధారగా పోస్తాడు. ఆ నురగ పోకముందే గుక్కలో తాగేయాలి.

ఆగస్టు మొదట్లో సెయా నదిలో పడవల పోటీ, ఊరంతా కిటకిటలాడుతుంది. ప్రశాంతంగా కావాలంటే జూన్ లేదా సెప్టెంబరు.

చివరి రోజు పొద్దున్నే ఇంకోసారి ఆ గుర్రాన్ని చూద్దామని అమ్మ పట్టుబడితే గుహ దగ్గరికి వెళ్లాం. టికెట్లు లేవు.