పాత రిసీవర్ పోయింది, స్పీకర్లు బాగున్నాయి: 40 వేలలో ఏది మేలు?

హోమ్ థియేటర్‌లో స్పీకర్లకు ఆయుష్షు ఎక్కువ. పదిహేనేళ్ల కిందట కొన్నవి ఇప్పటికీ నిక్షేపంలా మోగుతుంటాయి. ముందు మూలన పడేది రిసీవరే, అంటే బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లన్నిటికీ పంపే పెట్టె. ఒక రోజు బొమ్మ రాదు, ఇంకో రోజు అసలు ఆనే కాదు. అలా పోయినప్పుడు చాలా ఇళ్లల్లో మిగిలేవి అయిదు మంచి స్పీకర్లు, సొంత కరెంటు ప్లగ్గు ఉన్న ఒక సబ్ వూఫర్ (బేస్ స్పీకర్), గోడలో వేయించిన వైర్లు. చేతిలో ఉన్నది 40 వేలు అనుకుందాం. అప్పుడు మూడు దార్లు కనిపిస్తాయి: కొత్త 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్) రిసీవర్ కొనడం, అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఒక మెట్టు పైది కొనడం, ఇవన్నీ తీసేసి టీవీ కింద పొడవాటి సౌండ్‌బార్ పెట్టుకోవడం. నా ఓటు మొదటిదానికి. రెండోది మేలయ్యే సందర్భమూ ఒకటి ఉంది, అదీ చెబుతాను.

దానికంటే ముందు, పాతది నిజంగా పోయిందో లేదో చూడాలి. రిసీవర్ ఆన్ అవుతోంది, ఎఫ్ఎం పాడుతోంది, హెచ్‌డీఎంఐ కేబుల్‌లో మాత్రం బొమ్మా శబ్దమూ రావడం లేదంటే ఆంప్లిఫయర్ (స్పీకర్లను మోగించే భాగం) బాగానే ఉన్నట్టు. ఫైర్ స్టిక్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ నేరుగా టీవీకే పెట్టేయండి. టీవీ వెనక ఆప్టికల్ అవుట్ (శబ్దాన్ని వెలుగు రూపంలో పంపే సాకెట్) ఉంటే అక్కడి నుంచి రిసీవర్‌కి ఒక కేబుల్ లాగండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ ‘పీసీఎం’ అని ఉంటే ఎడమ, కుడి రెండు ఛానళ్లే వస్తాయి, దాన్ని 5.1ని మోసే ‘డాల్బీ డిజిటల్’కి మార్చాలి. ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ ఆప్టికల్ కేబుల్‌లో పోదు కానీ, చాలా టీవీలు దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతాయి. వందల రూపాయల్లో 5.1 తిరిగొస్తుంది. అలాగే, ఆన్ చేయగానే లోపల రిలే అనే స్విచ్ ‘టిక్’మని వెంటనే ఆగిపోతుంటే స్పీకర్ వైర్లన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. ఇప్పుడు నిలబడిందంటే రిసీవర్‌లో దోషం లేనట్టే. ఎక్కడో స్పీకర్ వెనక ప్లస్, మైనస్ వైర్ల పోగులు ఒకదానికొకటి తగులుతున్నాయి.

స్పీకర్ల వెనక అంటించిన చీటీ కూడా చదవాలి. ఓమ్‌లు అంటే స్పీకర్ కరెంటుకి చూపే నిరోధం, అది తగ్గేకొద్దీ రిసీవర్ మీద భారం పెరుగుతుంది. 6 ఓమ్‌లనో 8 ఓమ్‌లనో ఉంటే బెంగ లేదు. డీవీడీ ప్లేయర్‌తో కలిపి ఒకే పెట్టెలో అమ్మిన సెట్లలో చాలావాటి స్పీకర్లు 3, 4 ఓమ్‌లవి. ఈ ధరలో వచ్చే రిసీవర్లు చాలావరకు 6 ఓమ్‌లు, ఆ పైన ఉన్నవాటి కోసం చేసినవి. 3 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే చిన్న వాల్యూమ్‌లో పాడతాయి, పెంచగానే రిసీవర్ వేడెక్కి ఆగిపోతుంది. ఆ సెట్ల సబ్ వూఫర్‌తో ఇంకో చిక్కు. దానికి సొంత ప్లగ్గు ఉండదు. మామూలు రిసీవర్ సబ్‌కి సిగ్నల్ మాత్రమే ఇస్తుంది, దాన్ని మోగించే ఆంప్ సబ్ లోపలే ఉండాలి. కాబట్టి అలాంటి సెట్ ఉన్నవాళ్లు రిసీవర్ కొంటే స్పీకర్లు, సబ్ కూడా మళ్లీ కొనాల్సి వస్తుంది. వాళ్లకి సౌండ్‌బారే మంచిది.

ఇక కొత్తవాటి సంగతి. ఈ బడ్జెట్‌లో గట్టిగా పోల్చి చూడాల్సినవి యమహా ఆర్‌ఎక్స్-వీ385, డెనాన్ ఏవీఆర్-ఎక్స్580బీటీ. ఈ తరగతి రిసీవర్ల ధరలు సుమారు 30 నుంచి 45 వేల మధ్య ఆడుతుంటాయి. రెండూ అయిదు ఛానళ్లవే, రెండింటికీ నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. బ్లూరే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ శబ్ద రకాలను రెండు రిసీవర్లూ డీకోడ్ చేస్తాయి (విప్పి వినిపిస్తాయి). బ్లూటూత్ ఉంది, వైఫై లేదు. తల పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ రెండింట్లోనూ లేదు. దాని గురించి నిజంగా దిగులు పడక్కర్లేదు. సీలింగ్‌లో స్పీకర్లు లేని ఇంట్లో అట్మాస్ ట్రాక్ 5.1గానే వినిపిస్తుంది, సినిమాలో ఏ శబ్దమూ మాయమవదు. అయిదు స్పీకర్ల ఇంటికి అట్మాస్ పేరు చెప్పి పది, పదిహేను వేలు ఎక్కువ పెట్టించే బేరానికి ఒప్పుకోకండి.

తేడా అంతా హెచ్‌డీఎంఐ తరంలో ఉంది. యమహాది 2018 నాటి మోడల్. సెకనుకు 60 ఫ్రేముల 4కే, వెలుగునీడలు మెరుగ్గా చూపే హెచ్‌డీఆర్10, డాల్బీ విజన్ దాకా పంపుతుంది, టీవీ శబ్దం మామూలు ఆర్క్ (టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో రిసీవర్‌కి వెనక్కి పంపే దారి) ద్వారా తీసుకుంటుంది. డెనాన్‌లో 8కే, 120 ఫ్రేముల 4కే, ఆర్క్‌కి మెరుగైన రూపమైన ఈఆర్క్ ఉన్నాయి. కాగితం మీద డెనాన్ ఆమడ దూరం ముందున్నట్టు కనిపిస్తుంది. మరి మన హాల్లో? నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, హాట్‌స్టార్ లాంటివి 5.1ని డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పంపుతాయి, దానికి మామూలు ఆర్క్ చాలు. ఈఆర్క్ అవసరం ఎప్పుడొస్తుందంటే, బ్లూరే ప్లేయరో గేమ్ కన్సోలో టీవీకి పెట్టి, అక్కడి నుంచి కుదించని శబ్దాన్ని రిసీవర్‌కి తేవాలన్నప్పుడు. బ్లూరే ప్లేయర్‌ని రిసీవర్‌కే పెడితే ఆ అవసరమూ లేదు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉన్న ఇంట్లో, 120 హెర్ట్జ్ టీవీ కూడా ఉంటే, డెనాన్ కొనండి, రెండో ఆలోచన వద్దు. పిల్లల కన్సోల్ లేదు, సినిమాలూ పాటలూ క్రికెట్టే అంటే యమహా పాతదన్న మాట మీ చెవికి తెలియదు, మిగిలిన డబ్బు మాత్రం చేతిలో ఉంటుంది.

యమహా పెట్టెలో వైపీఏఓ అనే కొలత కోసం చిన్న మైకు వస్తుంది. దాన్ని సోఫాలో మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో నిలబెట్టి ఫ్యాన్, ఏసీ కట్టేసి కొలత మొదలుపెట్టాలి. ఒక్కో స్పీకర్ నుంచి బుస్సుమని శబ్దం వస్తుంది. ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఏది ఎంత గట్టిగా మోగుతోంది అని లెక్కగట్టుకుని సర్దుతుంది. ఆ తర్వాత రెండు విషయాలు చేత్తో చూసుకోండి. ముందున్న పెద్ద స్పీకర్లను అది ‘లార్జ్’ అని రాసుకుంటే ‘స్మాల్’కి మార్చి క్రాసోవర్ (ఏ హద్దు కింది బేస్ సబ్‌కి వెళ్లాలన్నది) 80 హెర్ట్జ్ పెట్టండి. బేస్ భారం సబ్ మీదికి వెళ్తుంది, రిసీవర్‌కి ఊపిరాడుతుంది. రెండోది, సెంటర్ స్పీకర్‌ని ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి. తెలుగు సినిమాలో నేపథ్య సంగీతం హోరెత్తే చోట కూడా మాటలు తేటగా వినిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఏమన్నాడ్రా?’ అని అడగడం తగ్గుతుంది.

దుకాణంలో ఎక్కువగా వినిపించే మాట వాట్లు. పెట్టెల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అంకెలు రాసిన రోజుల నుంచీ ఇదే తంతు. ఆర్‌ఎక్స్-వీ385 అసలు లెక్క ఛానల్‌కి 70 వాట్లు: 6 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానళ్లు కలిసి మోగుతున్నప్పుడు, 0.09 శాతం వక్రీకరణతో. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెలు చాలావరకు ఒక్క ఛానల్‌ని ఒక్క కిలోహెర్ట్జ్ దగ్గర, వక్రీకరణ ఎక్కువగా ఒప్పుకుని కొలిచినవి. అసలు 70 నుంచి 100 వాట్లకు పెంచినా దక్కేది ఒకటిన్నర డెసిబెల్స్. అదే స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) 87 డెసిబెల్స్‌కి బదులు 90 అయితే ఆంప్‌ని రెట్టింపు చేసినట్టు. 12 అడుగులకు 15 అడుగుల హాలుకి 70 వాట్లు ధారాళం.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్. ఇక్కడ ఆశ కలిగించేవి డెనాన్ ఎక్స్1000, ఎక్స్2000 వరుసలు, యమహా అవెంటేజ్ వరుస. చాలావాటిలో ఏడు ఛానళ్లు ఉంటాయి, మోడల్‌ని బట్టి నెట్‌వర్క్ కూడా. నా దృష్టిలో అన్నిటికంటే విలువైంది డెనాన్‌లో వచ్చే ఆడిసీ మల్టీఈక్యూ ఎక్స్‌టీ, అంటే మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సర్దే ఏర్పాటు. టైల్స్ నేల, ఖాళీ గోడలు, ఒక పక్క డైనింగ్‌లోకి తెరుచుకున్న మన హాళ్లలో శబ్దం ప్రతిధ్వనించి మాట మసకబారుతుంది. అక్కడ గదిని చక్కగా కొలిచే రిసీవర్‌కీ కొలవనిదానికీ తేడా, వందల వాట్లు పోసినా రాదు. కాబట్టి పరిచయస్తుల ఇంట్లో వాడినది, ఒరిజినల్ మైకు, రిమోట్ రెండూ ఉన్నది 25 వేల లోపు దొరికితే తీసుకోండి. నేను పైన చెప్పిన సందర్భం ఇదే. మైకు పోయిందంటే ధర బాగా తగ్గించమనండి, వేరే మైకు పెడితే ఆ కొలతలు నమ్మలేం.

తెలియని చోట కొనేటప్పుడు, హైదరాబాద్ కోటీ గుజరాతీ గల్లీలోనైనా ఆన్‌లైన్‌లోనైనా, కరెంటు పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. హెచ్‌డీఎంఐ సాకెట్లు ఒక్కొక్కటీ మార్చి మార్చి చూడాలి. అరగంట పాటు కాస్త గట్టిగా మోగించాలి. వాల్యూమ్ తిప్పితే గరగర రాకూడదు, అయిదు స్పీకర్లూ పలకాలి, రిసీవర్ పైమూత కన్నాల దగ్గర మాడిన వాసన ఉండకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం నుంచి వచ్చినదైతే వెనక స్పీకర్ టెర్మినళ్లకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. హెచ్‌డీసీపీ 2.2 (4కే బొమ్మకు పెట్టే కాపీ రక్షణ) ఉందా అనీ అడగాలి. 2015కి ముందు మోడళ్లలో చాలావాటికి అది లేదు, అది లేకపోతే 4కే ఓటీటీ బొమ్మ రిసీవర్ గుండా వెళ్లదు. స్టిక్ టీవీకి పెట్టి శబ్దం ఆర్క్‌లో తీసుకునేవాళ్లకి ఈ లోటు పట్టింపు లేదు. ఆంక్యో పాత మోడళ్ల విషయంలో స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి: ఆంక్యో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ 2022లో దివాలా తీసింది, బ్రాండ్ వేరేవాళ్ల చేతికి వెళ్లింది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనల్లుడో వస్తూ రిసీవర్ తెస్తామంటే సంతోషమే కానీ, వెనక ప్లేటు ఫొటో పంపమనండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు, పెడితే అక్కడికక్కడే కాలిపోతుంది. సరిపడా పెద్ద స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అది ఎప్పుడూ టీవీ పక్కన బరువుగా కూర్చుంటుంది, కొన్ని గుయ్యిమంటాయి కూడా. పైగా ఇక్కడ వారంటీ ఉండదు. ఇవన్నీ కలిపితే మిగిలే లాభం స్వల్పం. వద్దంటాను.

సౌండ్‌బార్ గురించి ఎక్కువ చెప్పను. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటివి వెనక స్పీకర్లతో సహా నిజమైన 5.1 ఇస్తాయి, కొత్త రిసీవర్ ధరలో సగానికే వస్తాయి. స్పీకర్లు లేనివాళ్లకి అది మంచి కొనుగోలు. బాగున్న అయిదు స్పీకర్లను అటకెక్కించి దాన్ని తేవడం మాత్రం నాకు మనసొప్పదు. ఇక విడిభాగాలు కలిపి స్థానికంగా చేసే అసెంబుల్డ్ ఆంప్‌లలో డీకోడర్ బోర్డు పెట్టి చేసిచ్చే మంచి పనివాళ్లు ఉన్నారు, పాటలకు అవి బాగుంటాయి కూడా. సినిమాకి కావలసిన దూరాల సర్దుబాటు, క్రాసోవర్ వాటిలో సాధారణంగా దొరకవు.

కొత్తది తీసుకుంటే ఇండియా వారంటీ ఉన్న బిల్లు రాయించుకోండి. సీరియల్ నంబరు బిల్లు మీద, పెట్టె మీద, రిసీవర్ వెనక ఒకటేనా అని దుకాణంలోనే సరిచూడండి. ఇంట్లో దాని పైన నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచండి. మీ టీవీ యూనిట్ గడిలో అంత జాగా లేకపోతే, బేరం మొదలుపెట్టక ముందే వెనక చెక్క కోయించండి.