సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ పట్టుకోదు: పదకొండేళ్లు వాడిన ఇమ్మొబిలైజర్ సమీక్ష

పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కంపెనీ నుంచి వచ్చిన ఇమ్మొబిలైజర్ (కీలోని చిప్‌ని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని, దొంగల నుంచి కాపాడే ఏర్పాటు), రెండు కీలు. తిరుగుడంతా విజయవాడ, గుంటూరు మధ్యే. ఇమ్మొబిలైజర్ పెట్టెకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కీ షెల్‌కి, అంటే కీ పైనున్న ప్లాస్టిక్ తొడుగుకి, రెండు, అదీ జాలిపడి.

బండి స్టార్ట్ కానప్పుడు బానెట్ ఎత్తకముందే మీటర్లో కీ బొమ్మ లైటు చూడాలి. కీ ఆన్‌కి తిప్పగానే వెలిగి, కాసేపటికి ఆరిపోతే కీని గుర్తుపట్టినట్టే. టపటపా కొట్టుకుంటూనే ఉంటే పట్టలేదు. ఈ బండిలో అప్పుడు సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంది గానీ ఇంజెక్టర్లు పెట్రోల్ వదలవు. కొన్ని మోడళ్లు స్టార్టయి ఒకటి రెండు సెకన్లకే ఆగిపోతాయి. లైటు తీరు కూడా మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి, బండి బాగున్న రోజే ఒకసారి గమనించి పెట్టుకోండి. సెల్ఫ్ తిరక్కుండా టిక్ టిక్ మంటే ముందు బ్యాటరీని, టెర్మినళ్లని చూడాలి.

బ్యాటరీ సగం దిగినప్పుడు మాత్రం మోసపోతాం. ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మధ్యలోనే రీసెట్ అయి, కీ తప్పన్నట్టు లైటు కొట్టుకోవచ్చు. మల్టీమీటర్ పెట్టి ఈ రెండు అంకెలు చూడకుండా ఎవరినీ డ్యాష్‌బోర్డు విప్పనివ్వకండి. టెర్మినల్ పీకి పది నిమిషాలాగితే ఇమ్మొబిలైజర్ సరైపోతుందనే మాట ఆటోనగర్‌లోనూ వినిపిస్తుంది. కీ నంబర్లు కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటాయి, కాబట్టి దానివల్ల కీ కొత్తగా నమోదు కాదు, పోయిన నమోదు తిరిగి రాదు.

రిమోట్‌తో డోర్లు తెరుచుకుంటున్నాయి కదా, కీ బాగున్నట్టే అనుకుంటారు. రిమోట్ వేరు, చిప్ వేరు. చిప్‌కి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ 125 కిలోహెర్ట్జ్ దగ్గర పంపే శక్తితోనే పలుకుతుంది. అందుకే కొత్త సెల్ వేసినా ఈ జబ్బు పోదు. చిప్ బియ్యపు గింజంత గాజు గొట్టంలాగానో, సెంటీమీటరు పొడవున్న నల్లటి దిమ్మలాగానో ఉంటుంది. మే ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన కీకి షెల్ అంచు విచ్చుకుని, చిప్ తన గూట్లోంచి కదిలింది. పాత షెల్ పారేసి కొత్తది వేయిస్తే ఇంకో ప్రమాదం: చిప్ పాతదాంట్లోనే ఉండిపోవడం. షెల్ మార్చే మనిషి పక్కనే నిలబడి, చిప్ ఎక్కిందో లేదో కళ్లతో చూడండి.

ఇక వరస ఇదీ. మొదట రెండో కీ ఒక్కటే పెట్టి చూడాలి. గుత్తిలో మరో చిప్ ఉన్న కీ ఉంటే కాయిల్ తికమకపడుతుంది. రెండో కీతో స్టార్టయితే మొదటి కీ చిప్పే దోషి. రెండూ పనిచేయకపోతే బ్యాటరీ, ఫ్యూజు చూశాక కాయిల్ వైపు వెళ్లాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పితే, ఇగ్నిషన్ బ్యారెల్‌కి తొడిగిన చేతిగాజులాంటి నల్ల ఉంగరం కనిపిస్తుంది. రెండు వైర్లదైతే కనెక్టర్ పీకి మల్టీమీటర్‌తో కంటిన్యూటీ (తీగ తెగకుండా ఉందో లేదో) చూడండి. మీటర్ ఓపెన్ చూపిస్తే కాయిల్ తెగినట్టే. నాలుగు వైర్లదైతే లోపల సర్క్యూట్ ఉంటుంది, ఈ పరీక్ష చెల్లదు.

చవక బ్లూటూత్ స్కానర్ దాదాపు ఇంజిన్ లోపాల కోడ్‌లే చదువుతుంది. పీ0513 వస్తే కీ సరిపోలలేదని అర్థం. హ్యుందాయ్ బండ్లలో పీ1691 యాంటెన్నా కాయిల్‌ది, పీ1693 చిప్ జవాబివ్వలేదని. ఈ తేడా తెలిస్తే కొనాల్సింది కాయిలో కీనో తేలిపోతుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు మునిగిన బండ్లలో ఏదైనా కొనేవాళ్లు డ్యాష్‌బోర్డు కింది కనెక్టర్లు పీకి చూడాలి. పిన్నులకి పచ్చటి చిలుము కనబడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టినా కొన్నాళ్లే. తుక్కులోంచి ఈసీయూ ఒక్కటే తెచ్చి వేస్తే బండి కదలదు, అది పాత బండి కీలనే అడుగుతుంది.

రెండు కీలూ పోతే ఆర్‌సీ, గుర్తింపు కార్డుతో షోరూంలో ఇమ్మొబిలైజర్ రహస్య నంబరు (పిన్) తీసుకుని కొత్త చిప్‌లు నమోదు చేయించాలి. ఒక కీ మిగిలి ఉండగానే ఆ పని చేయిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.