పాత క్లౌడ్ ఖాతాలు మూసేయడం: గూగుల్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌ల మీద వాడినవాడి మాట

ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు వైపు చిన్న వ్యాపారాల్లో కొత్త ఫోను కొన్నప్పుడల్లా షాపులోనే ఇంకో జీమెయిల్ తెరిచేస్తారు. గ్రానైట్ బ్లాకుల ఫొటోలు ఒకదాంట్లో, రొయ్యల కాటా చీటీలు మరోదాంట్లో ఉండిపోతాయి. ఈ మూడు సర్వీసులనూ ఏళ్ల తరబడి వాడాక చెప్పే మాట ఇది: మూసేయడం తేలికే, ఆ ఖాతాను ఏమేం పట్టుకుని ఉన్నాయో వెతకడమే పెద్ద పని.

క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, ఆటోపే లిస్టు చూస్తే మరిచిపోయిన ఖాతాలు చాలావరకు బయటపడతాయి. గూగుల్ డ్రైవ్‌లో ఫైళ్లు పాతవి కదా అని ఖాతా వాడకంలో లేదనుకోకండి. వాట్సాప్ బ్యాకప్ ఆ ఫైళ్ల మధ్య కనిపించదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి అది ఏ ఖాతాకు పోతోందో చూడాలి. జీఎస్‌టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్లలో ఆ మెయిలే ఉంటే ముందు మార్చండి, లేదంటే ఓటీపీ ఆగిపోతుంది.

డేటా బయటికి తీయడంలో గూగుల్ టేక్‌అవుట్ (ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి దించుకునే గూగుల్ సదుపాయం) అన్నిటికన్నా మేలు. 2 జీబీ ముక్కలు ఎంచుకోండి, నెట్ మధ్యలో పోయినా ఆ ఒక్క ముక్కే మళ్లీ దించుకోవచ్చు. దించుకోవడానికి గూగుల్ ఇచ్చే లింకు వారం రోజులే పనిచేస్తుంది. ఇతరులు మనకు షేర్ చేసినవి అందులో రావు. మనం షేర్ చేసినవేమో ఖాతాతోపాటే అందరికీ పోతాయి, కాబట్టి యాజమాన్యం ముందే బదిలీ చేసి, అవతలివాళ్లు ఒప్పుకున్నారో లేదో చూసుకోవాలి. ఫోన్లోంచి కూడా ఆ ఖాతాను తీసేయండి, తర్వాత ఎప్పుడైనా రీసెట్ చేస్తే ఫోను దాన్నే అడిగే ప్రమాదం ఉంది. మూసిన ఖాతాను తిరిగి తెచ్చుకోవడానికి గూగుల్ ఖాయమైన గడువేమీ ఇవ్వదు. అందుకే మెయిల్ కావాలనుకునేవాళ్లు ఖాతా జోలికి పోకుండా డ్రైవ్ ఖాళీ చేసుకోవడమే మంచిది. ట్రాష్‌లో ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. రెండేళ్లు ముట్టని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది, కానీ దాని మీద వదిలేస్తే ఏది ఎప్పుడు పోతుందో మన చేతిలో ఉండదు.

మూసేశాక మనసు మార్చుకునే వీలు వన్‌డ్రైవ్ ఉండే మైక్రోసాఫ్ట్ ఖాతాలో బాగుంది. 30 లేదా 60 రోజులు ఎంచుకోవచ్చు, ఈలోపు సైన్ ఇన్ అయితే ఖాతా మళ్లీ తెరుచుకుంటుంది. ఎప్పుడూ 60 రోజులే పెట్టండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో మేఘం గుర్తున్న ఫైలు కంప్యూటర్‌లో లేనట్టే. రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమని చెప్పి, పచ్చ టిక్కు వచ్చాకే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఇంకా ముఖ్యం బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళాన్ని తెరిచే నంబరు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆ ఖాతాలోనే దాగి ఉంటుంది. కాగితం మీద రాసుకోకుండా మూసేస్తే, రేపు ల్యాప్‌టాప్ ఆ కీ అడిగిన రోజున డిస్క్ తెరుచుకోదు.

డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతా 2 జీబీయే, ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. డబ్బు కట్టే ప్లాన్ ఉంటే ముందు దాన్ని రద్దు చేయండి. ఫోన్లో యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు.