కుర్చీ వ్యాయామానికి రబ్బరు బ్యాండ్లు: నాలుగేళ్లు వాడాక

విజయవాడలో మా అపార్ట్‌మెంట్ హాల్లో వారానికి మూడు రోజులు, పొద్దున ఏడింటికి, పెద్దవాళ్ల చేత కుర్చీలో కూర్చునే వ్యాయామం చేయిస్తున్నాను. పన్నెండు, పద్నాలుగు మంది వస్తారు. అందరిలోకీ చిన్నావిడకి 66, పెద్దాయనకి 84. ఇద్దరు వాకర్ పట్టుకుని వస్తారు, ఒకాయనకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సరిగ్గా లేవదు. మేం చేతులతో సాగదీసే రబ్బరు బ్యాండ్లు చూసి "మా అమ్మకి బ్యాండ్ కొందామనుకుంటున్నాం, ఏది బాగుంటుంది?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నా.

ముందు కుర్చీ సంగతి చూసుకోండి, బ్యాండ్ తర్వాత. నేను తిరగేసి చేశాను. హాల్లో ఎలాగూ ఫంక్షన్ల ప్లాస్టిక్ కుర్చీలున్నాయి కదా అని వాటితోనే మొదలుపెట్టాను. నున్నటి టైల్స్ మీద, ఓ పిన్నిగారు లేవబోతుంటే కుర్చీ జర్రున వెనక్కి జారింది, వెనకాల గోడ ఉండబట్టి సరిపోయింది గానీ ఆ రోజంతా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇప్పుడున్నవి ఇనప కుర్చీలు, 17 అంగుళాల ఎత్తు, కాళ్లకి రబ్బరు బుష్‌లు, గోడకి ఆనించి వరసగా వేస్తాం. కుర్చీ మరీ పల్లంగా ఉంటే మోకాళ్లు తుంటి కన్నా పైకొచ్చి లేవడం కష్టం, తుంటి ఆపరేషన్ అయినవాళ్లకైతే అలా కూర్చోవడమే ప్రమాదం. వాకర్ వాళ్ల కోసం చేతులున్నవి రెండు విడిగా పెట్టాను. బుష్‌లు అరుగుతాయి, నెలకోసారి కుర్చీ తిరగేసి చూడాలి.

ఇక బ్యాండ్లు. మొదట ఆన్‌లైన్‌లో పిడులున్న రబ్బరు గొట్టాల సెట్ కొన్నాను. దండగ. అందులో అన్నిటికన్నా తేలికైనదే మావాళ్లకి బరువు, పైగా ఓ రోజు కొక్కెం ఊడొచ్చి నా మణికట్టుకే తగిలింది. అది వాళ్లలో ఎవరి కంటికో తగిలి ఉంటే? ఆ సెట్ ఇప్పుడు మా అబ్బాయి వాడుకుంటున్నాడు.

తర్వాత పట్టీలా ఉండే రోల్ తెచ్చి మీటరున్నర ముక్కలు కోసి ఇచ్చాను, ఇవే బాగా నిలబడ్డాయి. థెరాబ్యాండ్ అనే కంపెనీ వాళ్ల వరసలో పసుపు తేలిక, తర్వాత ఎరుపు, పచ్చ, నీలం, నలుపు, ఇలా బిగువు పెరుగుతూ పోతుంది. అన్ని కంపెనీల రంగులూ ఒకటి కాదు, ఒకరి పసుపు ఇంకొకరి ఎరుపంత గట్టిగా ఉండొచ్చు, అందుకే రెండు రకాలు కలపకండి. మా క్లాసులో సగం మంది ఇప్పటికీ పసుపే. రంగు మారడమంటే ప్రమోషన్ అనుకుంటారు, అదో తలనొప్పి. రిటైరైన హెడ్మాస్టారొకాయన పట్టుబట్టి పచ్చ తీసుకున్నారు, భుజం పట్టేసి వారం రోజులు రాలేదు.

మన ఎండలకి రబ్బరు తట్టుకోదు. ఏప్రిల్‌లో ఒక్క మధ్యాహ్నం కారు డిక్కీలో మర్చిపోతే ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాడాక కాస్త పౌడరు రాసి నీడలో పెడతాను. గాజులు, రాళ్ల ఉంగరాలు వీటికి శత్రువులు, చిన్న గాటు పడినా అక్కడే తెగి ముఖాన కొడుతుంది, కాబట్టి క్లాసుకి ముందు ప్రతిదీ సాగదీసి వెలుతురుకి పట్టి చూస్తాను. ఒకావిడకి మణికట్టు దగ్గర దద్దుర్లొస్తే లేటెక్స్ (సహజ రబ్బరు) లేని రకం తెప్పించాం, తగ్గిపోయాయి. పాదం కింద బ్యాండ్ వేసి తొక్కే వ్యాయామం మాత్రం మానేశాను, షుగరుతో అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి అది జారుతున్నట్టే తెలియదు, చీర కుచ్చిళ్ల గొడవ సరేసరి.

బీపీ ఉన్నవాళ్లు బ్యాండ్ లాగేటప్పుడు ఊపిరి బిగబడతారు, అది మంచిది కాదు. అందుకని అంకెలు గట్టిగా పైకి లెక్కపెట్టిస్తాను, విసుగొస్తే లాగినప్పుడల్లా "గోవిందా" అంటారు. ఊపిరి దానంతటదే బయటికొస్తుంది. నాడి చూసి లాభం లేదు, కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. మాట్లాడగలుగుతున్నారా లేదా అని చూస్తాను. మావాళ్లు ఎలాగూ కబుర్లు ఆపరు, ఎవరైనా నిశ్శబ్దంగా ఉంటేనే నాకు టెన్షన్.

ఫలితం ఉందా అంటే, ఉంది, కానీ అంతా బ్యాండ్ వల్ల కాదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో చూసే పరీక్ష ఒకటుంది. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 కన్నా తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. ఆ వయసావిడే ఒకరు చేరినప్పుడు 5 చేశారు, ఇప్పుడు 9. అది రోజూ లేచి కూర్చోవడం సాధన చేసినందుకొచ్చింది. బ్యాండ్ పనికొచ్చింది భుజాలకి, దండెం మీద బట్టలు ఆరెయ్యగలుగుతున్నానని ఆవిడే చెప్పారు. కూర్చుని ఎంత చేసినా నిలకడ రాదు, అందుకే నిలబడగలిగినవాళ్ల చేత చివరి పది నిమిషాలు కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే ప్రయత్నం చేయిస్తాను, పక్కనే నేనుంటాను.

ఏడాదికోసారి రోల్ మార్చెయ్యండి, కక్కుర్తి పడొద్దు. మేం వచ్చే నెల కొత్తది తెస్తున్నాం, పసుపు రెండు, ఎరుపు ఒకటి. మాస్టారు నీలం తెమ్మంటున్నారు. తేను.