నెట్ రాగానే ఓటీపీ చెప్పేయకండి: ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు హెచ్చరిక

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఫైబర్ నెట్, దాంతోపాటే ఇంటి ఫోన్ తీసుకున్నవాళ్లు జాగ్రత్త. మోడెమ్ మీద ఎర్ర లైటు మాటిమాటికీ వెలుగుతుంటే ప్రతిసారీ కేబులే తెగిందనుకోవద్దు. పోయినసారి రిపేరుకు వచ్చినవాళ్లు చేసి వెళ్లిన పనే చాలాసార్లు ఈసారి ఫాల్ట్‌గా తేలుతుంది. అందుకే రిపేరు అయ్యాక ఫిర్యాదు క్లోజ్ చేయడానికి వాళ్లు అడిగే ఓటీపీని వెంటనే చెప్పేయకండి.

అన్నిటికంటే చిరాకు పెట్టేది పోర్టు మార్చడం. మెట్ల దగ్గరో స్తంభం మీదో ఉండి, ఒక ఫైబర్ సిగ్నల్‌ను చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్ బాక్సులో సాధారణంగా 8 పోర్టులుంటాయి. అవి నిండాక కొత్త కనెక్షన్ ఇవ్వాల్సి వస్తే ఎవరిదో ఒక వైరు పీకి కొత్తది గుచ్చేస్తారు. పీకేసిన ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే ఇంకొకరిది పీకుతారు. ఇక కుర్చీలాటే! మీ వైరుకు రెండు చివర్లా ఫ్లాట్ నంబరు ట్యాగ్ కట్టించండి, బాక్సు తెరిచినప్పుడు ఫొటో తీసుకోండి.

తర్వాతిది అతుకు. తెగిన ఫైబర్ కొసలను కరిగించి కలిపే స్ప్లైసింగ్ మెషీన్‌తో సరిగ్గా అతికిస్తే సిగ్నల్ నష్టం 0.1 డీబీ (డెసిబెల్) లోపే, అంటే చాలా తక్కువే ఉంటుంది. మెషీన్ మోసుకురావడం ఎందుకని చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ వేసి పోతారు. ఆ రోజుకు నెట్ వస్తుంది. దుమ్ము చేరి, వైరు లాగుడుకు లోపలి ఫైబర్ కదిలి, కొన్నాళ్లకే మళ్లీ ఎర్ర లైటు. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలం దానికి ఆ వాలు ఉండదు. రెండూ కలిపితే మధ్యలో సందు మిగిలి సిగ్నల్ పడిపోతుంది. గోడ మూల దగ్గర వైరు మడత పెట్టి మేకు కొట్టినా అంతే.

అందుకే మోడెమ్ దగ్గర ఫైబర్‌లో వచ్చే కాంతి బలం కొలిచే పవర్ మీటర్ పెట్టించి, 1490 నానోమీటర్ల (ఇంటికి వచ్చే సిగ్నల్ తరంగదైర్ఘ్యం) రీడింగ్ మీరే చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గర్లో ఉంటే సిగ్నల్ బాగా బలహీనమన్నమాట, ఈ రోజు నెట్ వస్తున్నా సరే, పని అయిపోయినట్టు కాదు. మోడెమ్ మార్చినా రీసెట్ చేసినా అందులోని ఇంటి ఫోన్ సెట్టింగులు చెరిగిపోవచ్చు. నెట్ వస్తుంది, ఫోన్ మూగబోతుంది. డయల్ టోన్ ఒక్కటే చాలదు, ఒక కాల్ చేసి, ఒక కాల్ రప్పించుకోండి. ఇవన్నీ చూశాకే ఓటీపీ. ముందే చెప్పారా, ఫిర్యాదు పరిష్కారమైనట్టు క్లోజ్ అయిపోతుంది.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి పలువురు చనిపోయిన ప్రమాదం తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించిన మాట నిజమే. కానీ వీధి మొత్తానికీ నెట్ ఉండి మీ ఒక్కరికే పోతే, కేబుళ్లు తీసేశారన్న సాకు ఒప్పుకోకండి.

ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) అడిగి తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయొచ్చు, ఫీజు లేదు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్లు వినొచ్చని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. కమిషన్ దగ్గర పనికొచ్చేవి డాకెట్ నంబర్లు, తేదీతో సహా తీసిన మీటర్ రీడింగ్ ఫొటోలు.