సత్యనారాయణ వ్రతం: ఇంట్లోనా, అన్నవరంలోనా?

వైజాగ్‌లో కొత్త ఫ్లాట్ కొన్నా, పిల్లల పెళ్ళి చేసినా వచ్చే ప్రశ్నే ఇది.

ఖర్చు: ఇంట్లో అయితే సామాను పెద్ద లెక్క కాదు, పూర్ణా మార్కెట్‌లో ఒక చుట్టు తిరిగితే తమలపాకులు, అరటి పిలకలు, పూలు అన్నీ దొరుకుతాయి, చేయి కాలేది భోజనాల దగ్గరే. అన్నవరంలో టికెట్ తీసుకుని కూర్చోవడమే, కానీ సుమారు 120 కిలోమీటర్లు కారు మాట్లాడుకుంటే ఆ మిగులూ పోతుంది. రైలు చవక.

శ్రమ: ఇంట్లో తెల్లవారకముందే లేచి, రవ్వ నేతిలో వేయించి, అడుగంటకుండా కలుపుతూ నిలబడాలి. అన్నవరంలో ఆకు పొట్లంలో గోధుమ నూక ప్రసాదం చేతికొస్తుంది. ఆ రుచి ఇంట్లో రాదు, ఒప్పుకోవాల్సిందే.

టెన్షన్: మంచిరోజున పంతులుగారు నాలుగిళ్ళు ఒప్పుకుని ఐదు కథలూ అరగంటలో చుట్టేస్తారు. కొండ మీద కార్తీక మాసం జనం, మండపంలో పక్క జంటల మధ్య సర్దుకోవాలి.

గృహప్రవేశమైతే ఇంట్లోనే, పాలు పొంగించిన చోటే పీట వేయండి. మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళున్నా అంతే. కొత్త దంపతులు, చుట్టాల హడావుడి వద్దనుకునేవాళ్ళు రత్నగిరి ఎక్కండి. అన్నవరం మొక్కు ఉంటే మాత్రం ఆలోచనే వద్దు, వాయిదాలు వేసిన వర్తకుడి కథ తెలుసుగా!