ఇంటి షెడ్డులో కారు ఛార్జింగ్: మూడు వేసవులు వాడాక

మాది విజయవాడలో సొంత ఇల్లు. కారు కరెంటుతో నడిచే టాటా నెక్సాన్ ఈవీ, 40.5 యూనిట్ల బ్యాటరీది. మొదట్లో 16 యాంపియర్ల సాకెట్‌లో పెట్టే పోర్టబుల్ ఛార్జర్ వాడాం, తర్వాత 7.2 కిలోవాట్లది గోడకు బిగించాం. ఇప్పటికి మూడు వేసవులు దాటాయి. కొత్తగా కారు కొన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎన్ని గంటల్లో నిండుతుందని. ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే ఏర్పాటు, ఎలా ఉండాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

వేగం సంగతి ముందు తేల్చేస్తాను. ఊళ్లో రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగితే ఏడెనిమిది యూనిట్లు ఖర్చవుతాయి. 3.3 కిలోవాట్ల పోర్టబుల్‌తో అది రెండున్నర గంటల పని. తెల్లారేసరికి బండి సిద్ధం. ఇంట్లో రెండు కార్లున్నా, తరచూ హైదరాబాద్ వెళ్లొచ్చినా తప్ప గోడ ఛార్జర్ కోసం తొందరపడక్కర్లేదు.

సాకెట్ విషయంలో మాత్రం రాజీ పడకండి. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది. కారు అలా కాదు, గంటల తరబడి 14, 15 యాంపియర్లు ఆగకుండా లాగుతుంది. షెడ్డులో ముందునుంచీ ఉన్న మామూలు సాకెట్ కొన్ని నెలలకే పసుపు రంగుకి తిరిగింది, ప్లగ్గు పిన్నులు ముట్టుకోలేనంత వేడెక్కాయి. దాన్ని తీసేసి, ఫ్యాక్టరీల్లో వాడే ఇనప పెట్టె సాకెట్ పెట్టించి, డీబీ (ఇంట్లో లైన్లన్నీ విడిపోయే స్విచ్చుల పెట్టె) నుంచి దానికి విడిగా రాగి వైరు లాగించాం. ఛార్జర్ డబ్బా బరువంతా ప్లగ్గు మీద వేలాడకుండా గోడకు కొక్కెం కూడా కొట్టించాం. ఆ తర్వాత వేడి సమస్య రాలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఒక్క రాత్రికైనా వద్దు.

ఇక ఎర్తింగ్. పాత ఇళ్లలో ఎర్త్ వైరు సాకెట్ దాకా ఉంటుంది, అవతలి కొస ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. కారు ఛార్జర్ దీన్ని ఇట్టే పట్టేస్తుంది. ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు చేసే పని వింటే ఇప్పటికీ నాకు గుండె గుభేలుమంటుంది: సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. పచ్చ లైటు వెలుగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. కానీ ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగిందా, కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. డోరు హ్యాండిల్ పట్టుకునేది మన పిల్లలే. మా ఇంటికొచ్చిన మొదటి మనిషి ఇదే సలహా ఇస్తే వద్దని పంపించేశాం.

తర్వాత షెడ్డు పక్కనే కొత్త గుంత తవ్వించి, జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించి, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాం. ఈ అంకె ఎంత తక్కువుంటే లీకైన కరెంటు అంత సులువుగా నేలలోకి పోతుంది. 5 ఓంలలోపు వచ్చేదాకా మేస్త్రీని కదలనివ్వలేదు. ఏప్రిల్, మే నెలల్లో గుంత ఎండిపోతే ఆ అంకె పెరుగుతుంది. అందుకని వేసవంతా వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోస్తాం. దీన్ని మర్చిపోయే ఇళ్లలోనే నడి వేసవిలో ఛార్జర్ పాడైందని సర్వీసువాళ్లకి ఫోన్లు వెళ్తుంటాయి.

గోడ ఛార్జర్‌కి వైరు 10 స్క్వేర్ ఎంఎం రాగిది వేయించాం. 32 యాంపియర్లకి 6 చాలని చాలామంది అంటారు. మీటరు నుంచి షెడ్డు దూరం, పైగా మా ఊరి ఎండ, అందుకే పెద్దది ఎంచుకున్నాం. లోడు మించితే లైను ఆపేసే 40 యాంపియర్ల ఎంసీబీ, దాంతోపాటు కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కారు లైనుకి విడిగా ఉన్నాయి. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు టైప్ ఏసీ కాకుండా టైప్ ఏ అడగండి. కారు వైపు నుంచి డీసీ (బ్యాటరీ రకం, ఒకే దిశలో పారే కరెంటు) లీకేజీ వస్తే మామూలు టైప్ ఏసీ మొద్దుబారి, ట్రిప్ అవ్వాల్సినప్పుడు అవ్వకపోవచ్చు. ఛార్జర్‌లోనే 6 మిల్లీయాంపియర్ల డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటుంటే టైప్ ఏ సరిపోతుంది, లేకపోతే ఖరీదైనా డీసీ లీకేజీని కూడా పట్టే టైప్ బీ పెట్టాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడటం మా ఆవిడ బాధ్యతగా పెట్టుకుంది.

మీటరు లోడు గురించీ ఒక మాట. ఏసీ, గీజరు, 7.2 కిలోవాట్ల ఛార్జర్ కలిస్తే 45 యాంపియర్లు దాటిపోతుంది. సింగిల్ ఫేజ్ మీద ఇది అయ్యే పని కాదు. మేం లోడు పెంచమని దరఖాస్తు చేసి త్రీ ఫేజ్‌కి మారాం, ఛార్జర్‌ని ఏసీలు లేని ఫేజ్ మీద వేయించాం. షెడ్డు సాకెట్ ఇన్వర్టర్ లైను మీద ఉందేమో కూడా చూసుకోండి, చాలా ఇళ్లలో లైటు పాయింటుతో కలిపేసి ఉంటుంది, కారు లోడుని ఇన్వర్టర్ మోయలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఛార్జర్ నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండబట్టి దానికేమీ కాలేదు. నీళ్లు షెడ్డులోకి రాకముందే డీబీలో ఎంసీబీ దించేశాం. వరద తగ్గాక ఎర్త్ మళ్లీ కొలిపించి, ఆర్‌సీసీబీ పరీక్ష చేయించాకే కారు తగిలించాం.

వైరు, ఎర్తింగ్, డీబీ పెట్టె కలిపి ఛార్జర్ ధర కాక 20 వేల దాకా అయింది. ఒక్క లోటు ఉంది. కేబుల్ పొడవు చాలక కారుని ప్రతిసారీ వెనక్కి తిప్పి పెట్టాల్సొస్తోంది. మీరు ఛార్జర్ గోడకి బిగించే ముందే కారుని రోజూ నిలిపేలా నిలిపి, పోర్టు దాకా టేపుతో కొలుచుకోండి.